ఇంట గెలిచిన ప్రోగ్రాము రచ్చ గెలిచేదెప్పుడు?

“సర్వర్ డౌన్!” – ఈ రెండు మాటలూ వినని మనిషి ఇవాళ మన ఊళ్ళల్లో లేడంటే అతిశయోక్తి కాదు. పరీక్ష ఫీజు కట్టబోయిన విద్యార్థి వింటాడు. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు చివరి రోజున కూర్చున్న పేద పిల్లవాడు వింటాడు. భూమి కాగితం కోసం ఒక పూట పని మానుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని మండల కేంద్రానికి వచ్చిన రైతు వింటాడు. విన్నవాళ్ళు ఎదురు ప్రశ్న వెయ్యరు. వడగండ్ల వానకు తల వంచినట్టు తల వంచి, “రేపు రమ్మన్నారు” అనుకుంటూ వెళ్ళిపోతారు.

వడగండ్ల వాన మనిషి చేసింది కాదు. ఈ “సర్వర్ డౌన్” మాత్రం చాలాసార్లు మనిషి చేసిందే. కనుక మనిషి సరిచెయ్యగలిగిందే. కంప్యూటరు సైన్సు ఒక సబ్జెక్టుగా చదువుతున్న విద్యార్థిగా ఈ విషయం మీద నా అభిప్రాయం నాలుగు ముక్కల్లో చెప్పాలని ఈ ప్రయత్నం.

అసలు సంగతేమిటి? మనం ఫోనులోనో కంప్యూటరులోనో చూసే వెబ్ అప్లికేషన్ ఒక గుమాస్తా లాంటిది. లెక్కలు దాని దగ్గర ఉండవు. అవన్నీ డేటాబేస్ అనే పెద్ద చిట్టాలో ఉంటాయి. ఆ చిట్టా తరచు వేరే యంత్రంలో, ఒక్కోసారి వేరే నగరంలో ఉంటుంది. అడిగిన ప్రతిదానికీ గుమాస్తా చిట్టా దాకా పోయి రావాలి. ఆ దారి తెగిందా, రెండు యంత్రాలూ నిక్షేపంగా ఉన్నా సరే, కిటికీ ఇవతల నిలబడ్డవాడికి వినిపించేది ఒక్కటే మాట – “సర్వర్ డౌన్”.

మడికి నీళ్ళు అందకపోతే ఏ రైతూ “కాలువ డౌన్” అని ఇంటికి పోడు. పార భుజాన వేసుకుని గట్టు వెంట నడుస్తాడు. తూము మూశారా, గండి పడిందా, పూడిక పేరుకుందా, పై పొలంవాడు అడ్డుకట్ట వేశాడా అని ఒక్కొక్కటే చూసుకుంటూ పోతాడు. డేటాబేస్ దారిని కూడా అలా నడిచి చూడవలసిందే. పైగా ఇక్కడొక సౌకర్యం ఉంది. ఎక్కడ తెగిందో చాలావరకు యంత్రమే చెబుతుంది. చదివే ఓపిక మనకుండాలి, అంతే.

ఆ కబుర్లు ఎలా ఉంటాయో చూడండి. “ఈ పేరుగల యంత్రం దొరకలేదు” అంటే చిరునామా తప్పు, ఒక్క అక్షరం తేడా కావచ్చు. “కనెక్షన్ నిరాకరించబడింది” అంటే ఇంటిదాకా చేరాము గాని, మనం తట్టిన తలుపు దగ్గర పలికేవాడు లేడు. డేటాబేస్ ఆగిపోయి ఉండవచ్చు, లేదా పోర్టు నంబరు తప్పు కావచ్చు. మైఎస్‌క్యూఎల్‌కు మామూలుగా 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432. ఎంతసేపటికీ జవాబు రాక “గడువు మించింది” అంటే, దారిలో ఏ ఫైర్‌వాలో మన మాటను మింగేస్తోందేమో చూడాలి. “పాస్‌వర్డు సరిపోలేదు” అంటే ఒక విధంగా సంతోషించాలి! దారి బాగుంది, తలుపు బాగుంది, చేతిలోని తాళంచెవి దగ్గరే తేడా. నాలుగు మాటలకు నాలుగు అర్థాలు, నాలుగు మందులు. అన్నిటికీ కలిపి “రీస్టార్టు చెయ్యండి” అనడం, కడుపునొప్పికీ కంటికలకకూ ఒకే మాత్ర ఇవ్వడం లాంటిది.

ఐదోది అన్నిటికన్నా గడుసుది. “కనెక్షన్లు మరీ ఎక్కువైపోయాయి.” పోస్ట్‌గ్రెస్ ఎవరూ మార్చకపోతే 100 కనెక్షన్లకు మించి ఒప్పుకోదు. అందులోనూ 3 అధికారి కోసం అట్టే పెడుతుంది. మైఎస్‌క్యూఎల్‌కు ఆ హద్దు 151. ఒక్కొక్కటి 20 కనెక్షన్లు పట్టుకునే అప్లికేషన్ నకళ్ళు నాలుగు నడిపామనుకోండి, 80 అయిపోయాయి. రద్దీ పెరిగిందని ఐదో నకలు పెడితే దానికి దక్కేది 17. సాయానికి తెచ్చుకున్న ఐదోవాడితోనే తగువు మొదలు! ఇంకొక రకం కూడా ఉంది. ప్రోగ్రాము కనెక్షన్ తీసుకుంటుంది, మధ్యలో ఏదో తప్పు జరిగితే తిరిగి ఇవ్వకుండా వదిలేస్తుంది – లైబ్రరీ పుస్తకాలు పట్టుకెళ్ళి తిరిగివ్వని మహానుభావుల్లాగా. నలుగురు వాడినప్పుడు ఇది తెలియదు. నాలుగు వేలమంది ఎగబడ్డ రోజున బయటపడుతుంది. అంటే చివరి తేదీ రోజున! ఈ జబ్బు ఎప్పుడూ పేదవాడి గడువు నాడే ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమైందా?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మన ప్రోగ్రాములు ఇంట మాత్రమే గెలుస్తున్నాయి. ల్యాబులో అప్లికేషన్, డేటాబేస్ రెండూ ఒకే కంప్యూటరులో కాపురం ఉంటాయి. చిరునామా చోట “లోకల్‌హోస్ట్” అని రాస్తాం, అంటే “నా ఇల్లే” అని అర్థం. అదే ప్రోగ్రామును బయటి యంత్రానికి పంపినా పాపం అది “నా ఇల్లే” అనుకుని తన గదులే వెతుక్కుంటుంది. చిట్టా చూస్తే పొరుగూళ్ళో ఉంటుంది. ఈలోగా రికార్డు మీద సంతకం పడిపోతుంది, మార్కులూ పడిపోతాయి. “నా కంప్యూటరులో బాగానే నడిచిందండీ” అన్న మాట మన విద్యార్థి లోకానికి తారకమంత్రం అయిపోయింది. నన్నడిగితే అది జవాబు కాదు. “మరి అక్కడికీ ఇక్కడికీ తేడా ఏమిటి?” అనే ప్రశ్నకు అది మొదలు మాత్రమే.

చదవకుండా, తేల్చుకోకుండా చేసే వైద్యం ఎంతదూరం పోతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ప్రపంచం నలుమూలలా ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ పని దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో, 2017 జనవరి 31న, ప్రధాన డేటాబేస్‌కూ దాని నకలు డేటాబేస్‌కూ మధ్య పొత్తు చెడింది. రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజనీరు వాటిని మళ్ళీ కలపబోయాడు. ఆదేశం ఇస్తే యంత్రం ఉలకదు, పలకదు. నిజానికి అది అవతలినుంచి సమాచారం వస్తుందని మౌనంగా ఎదురుచూస్తోంది. ఆ సంగతి వాళ్ళ సూచనల్లో స్పష్టంగా లేదు. పాత ఫైళ్ళు అడ్డమేమోనని వాటిని చెరపబోయి, నకలు యంత్రం అనుకుని ప్రధాన యంత్రంలో చెరిపేశాడు. ఒకటి రెండు సెకన్లలో గుర్తుపట్టి ఆపేసరికే సుమారు 300 గిగాబైట్లు గల్లంతు! రోజువారీ బ్యాకప్పు చూద్దామంటే, డేటాబేస్ వెర్షను ఒకటి, బ్యాకప్పు తీసే పనిముట్టు వెర్షను మరొకటి కావడంతో అది తయారే కాలేదు. అదృష్టం బాగుండి, వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక ప్రతి దొరికింది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది.

అయినా నేను ఆ సంస్థను మెచ్చుకుంటాను. ఆ ఇంజనీరును బజారున నిలబెట్టకుండా, జరిగింది జరిగినట్టు రాసి లోకం ముందు పెట్టారు. కనుకనే ఇక్కడ కూర్చుని నాలాంటివాడు కూడా చదువుకోగలిగాడు. మన దగ్గర ఏదైనా వెబ్‌సైటు ఆగిపోతే ఎందుకు ఆగిందో, మళ్ళీ ఆగకుండా ఏం చేశారో మామూలుగా ఎవరైనా చెబుతున్నారా?

“ఇవన్నీ ఉద్యోగంలో చేరాక నేర్చుకునేవి, డిగ్రీలో ఎందుకు?” అని కొందరు మిత్రులంటారు. సరే, కాని ఉద్యోగంలో నేర్చుకోవడమంటే ఎవరి పొట్ట మీద నేర్చుకోవడం? క్యూలో నిలబడ్డవాడి పొట్ట మీదనే కదా! దారి దొరక్క విసుగెత్తి ఫైర్‌వాల్ మొత్తం తెరిచేసేవాళ్ళూ ఉన్నారు. తాళంచెవి దొరకలేదని తలుపే పీకేసినట్టు! ఆ తెరిచిన ఇంట్లో ఉండేది మన ఆధార్ నంబర్లూ, మన బ్యాంకు ఖాతాలూ.

అందుకని మా గురువులకు నా మనవి ఒక్కటే. ప్రాక్టికల్ పరీక్షలో మా చేత ప్రోగ్రాము రాయించండి, ఆపైన దాన్ని వేరే కంప్యూటరు మీద పెట్టించి, డేటాబేస్ దారిని ఎక్కడో ఒకచోట మీరే తెంపి, “ఎక్కడ తెగిందో కనుక్కో” అనండి. లాగ్ చదివి కారణం రాసినవాడికి మార్కులివ్వండి. పాస్‌వర్డు ప్రోగ్రాములోనే రాసేసినవాడికి కొయ్యండి. ఇక వెబ్‌సైట్లు నడిపే పెద్దలకు మరొక మనవి. చివరి తేదీన మీ దారి తెగితే ఆ తేదీని పొడిగించండి. తప్పు యంత్రానిది, శిక్ష దరఖాస్తుదారుడికా?

మిత్రులారా! రేపు ఆ కిటికీ వెనుక కూర్చునేది మనమే. ఇవతల నిలబడేది మన నాన్నలూ, మన అమ్మలే. “సర్వర్ డౌన్, రేపు రండి” అనడానికి చదువు అక్కర్లేదు. “ఫలానా చోట తెగింది, ఇంతసేపట్లో సరిచేస్తాం, కూర్చోండి” అనగలగడానికే చదువు కావాలి.