పిచర్ భుజానికి లెక్క కావాలి

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల వ్యాయామ ఉపాధ్యాయులకు, సాఫ్ట్‌బాల్ శిక్షకులకు, ఆడపిల్లలను మైదానానికి పంపుతున్న తల్లిదండ్రులకు విన్నపం.

సాఫ్ట్‌బాల్‌లో బంతిని కింది నుంచి వేస్తారు కాబట్టి చేతికి ఇబ్బంది ఉండదని, పిచర్ ఎన్ని బంతులైనా వేయొచ్చని మన మైదానాల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. అది తప్పు. ఆ తప్పుకు మూల్యం చెల్లించేది పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల భుజాలు. అందుకే మేము అడుగుతున్నది ఇది: వచ్చే స్కూల్ గేమ్స్ నుంచే పిచర్ వేసే ప్రతి బంతినీ లెక్క రాయండి, ఆ లెక్కకు హద్దు పెట్టండి, జట్టుకు కనీసం ముగ్గురు పిచర్లను తయారు చేయండి.

సాఫ్ట్‌బాల్ పిచర్లు వాడే విండ్‌మిల్ పద్ధతిలో చేయి ముందు నుంచి పైకి లేచి, వెనక్కి తిరిగి, తుంటి పక్కకు దిగి బంతిని వదులుతుంది. ఈ పూర్తి చుట్టు రెప్పపాటులో అయిపోతుంది. చేయి కిందికి దూసుకొచ్చే ఆ క్షణంలో భుజం గూడ నుంచి చేతిని బయటికి లాగే బలం పుడుతుంది. 2005లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం కౌమార వయసు బాలికా పిచర్లను కొలిచి చూసింది. ఆ లాగుడు బలం వాళ్ల శరీర బరువుకు దాదాపు సమానమని తేలింది. అంటే 40 కిలోల అమ్మాయి వేసే ఒక్కో బంతికి, ఆమె భుజానికి క్షణకాలం దాదాపు 40 కిలోల శనగల బస్తా వేలాడినట్టే. 2009లో మరో అధ్యయనం రెట్ట ముందు కండ ఎంత కష్టపడుతుందో చూసింది. బంతిని పైనుంచి విసిరినప్పటి కంటే విండ్‌మిల్‌లో ఆ కండకు పని ఎక్కువని తేల్చింది. మన పిల్లలు భుజం ముందు భాగాన్ని పట్టుకుని "ఇక్కడ గుంజుతోంది సార్" అంటారే, చాలాసార్లు ఆ చోటు ఇదే.

ఇప్పుడు లెక్క వేయండి. ఇన్నింగ్స్‌కు 15 బంతులనుకున్నా, 7 ఇన్నింగ్స్‌కు 105. పోటీల్లో రోజుకు రెండు మ్యాచ్‌లు పడితే 210. వార్మప్‌లో వేసినవి దీనికి అదనం. క్రికెట్ వన్డేలో పెద్దవాళ్లయిన ఫాస్ట్ బౌలర్లకే 10 ఓవర్లు, అంటే 60 బంతుల దగ్గర నిబంధన ఆపేస్తుంది. సాఫ్ట్‌బాల్ బంతి క్రికెట్ బంతి కంటే బరువు కూడా. అమెరికాలో లిటిల్ లీగ్ బేస్‌బాల్ 2007 నుంచి అబ్బాయిల బంతులను లెక్కపెడుతోంది. అక్కడ కూడా సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిల విషయంలో అంత పట్టింపు రాలేదు. కింది నుంచి వేసే బంతి "సహజం" అన్న పాత మాటే కారణం.

కొందరు శిక్షకులు జపాన్ పిచర్ యుకికో ఉయెనోను ఉదాహరణగా చూపిస్తారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆమె రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లకు 413 బంతులు వేసి దేశానికి బంగారు పతకం తెచ్చింది. నిజంగా గొప్ప విషయమే. అయితే అప్పుడు ఆమెకు 26 ఏళ్లు, ఎముకలు పూర్తిగా ఎదిగిన శరీరం, ఏళ్ల తరబడి కట్టుకున్న బలం. ఇంకా ఎదుగుతున్న ఎనిమిదో తరగతి అమ్మాయికి ఆమెతో పోలికేంటి? కథ అక్కడితో ఆగలేదు కూడా. 2021లో టోక్యోలో 39 ఏళ్ల ఉయెనో మళ్లీ ఫైనల్ ఆడింది. ఆరో ఇన్నింగ్స్‌లో బంతిని 20 ఏళ్ల మియు గోటోకు ఇచ్చి పక్కకు తప్పుకుంది. ఏడో ఇన్నింగ్స్‌కు తిరిగొచ్చి ఆట ముగించింది. అమెరికాపై 2-0తో గెలిచారు. భారాన్ని పంచుకుని కూడా ఒలింపిక్ ఫైనల్ గెలవొచ్చు. మన మండల స్థాయి పోటీకి మాత్రం ఒక్క అమ్మాయే అన్ని ఇన్నింగ్స్‌లూ వేయాలా?

లెక్కతో పాటు నేర్పే తీరూ మారాలి. చాలాచోట్ల బంతి వదిలాక మోచేతిని మూతి దాకా ఎత్తమని పిల్లలకు అలవాటు చేయిస్తున్నారు. దయచేసి మానండి. ఉయెనో బంతి వదిలే క్షణాన్ని ఫోన్లో నెమ్మదిగా తిప్పి చూడండి. ముంజేయి తుంటిని రాసుకుంటూ వస్తుంది, అరచెయ్యి దానంతటదే లోపలికి తిరుగుతుంది, ఆ తర్వాత చెయ్యి వదులుగా సాగిపోతుంది. మోచేతిని బలవంతంగా ఎత్తడం అక్కడ కనిపించదు. చుట్టు తిరిగేటప్పుడు చేతిని కర్రలా బిగించకూడదు, మోచేతిలో కొంచెం వంపు ఉండాలి. చెయ్యి వీపు వెనక్కి పోకుండా నేరుగా బ్యాటర్ వైపు గీసిన గీత మీదే తిరగాలి. చెయ్యి నెత్తిమీదికి వచ్చేసరికి కుడిచేతి పిచర్ ఛాతీ మూడో బేస్ వైపు తెరుచుకుని ఉండాలి. వేగం కాలి నుంచి పుట్టాలి: వెనక కాలితో పిచర్ ప్లేటును గట్టిగా తన్ని, ముందు కాలును దిట్టంగా నిలపాలి. కాళ్లు పని చేయని పిల్ల ఆ లోటును భుజంతో పూడ్చుకుంటుంది. ఈ కదలికలు కుదిరేదాకా వేగం అడగకండి. పన్నెండేళ్ల లోపు వాళ్లకు సాధనలో చిన్న బంతి ఇవ్వండి, దూరం తగ్గించండి. అమెరికాలో పదేళ్ల లోపు అమ్మాయిలు 11 అంగుళాల బంతితో, 35 అడుగుల దూరం నుంచే వేస్తారు. పెద్ద మహిళలకు అది 12 అంగుళాలు, 43 అడుగులు.

హద్దు ఎంత ఉండాలన్నది మనం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. అమెరికా క్రీడా వైద్యులు సూచించిన అంకెలు ఉన్నాయి. 13, 14 ఏళ్ల వాళ్లకు మ్యాచ్‌కు 80, రోజుకు 115 బంతులు. 15, ఆ పైబడిన వాళ్లకు మ్యాచ్‌కు 100, రోజుకు 140. మన ఎండలకు, మన పిల్లల తిండికి ఇవి కూడా ఎక్కువేనని మా అభిప్రాయం. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి అమ్మానాన్నలతో సుగ్గికి, అంటే వలస కూలికి, పోయి మిరపకాయలు తెంపి వచ్చిన పిల్ల, ఆదోని చుట్టుపక్కల సెలవుల్లో పత్తి తీసిన పిల్ల మైదానానికి వచ్చేసరికే ఆ చేతులు అలసి ఉంటాయి. అలాంటి పిల్లలకు మొదటి రెండు వారాలు సగం బంతులే ఇవ్వండి. నొప్పిని బయటికి చెప్పడం వాళ్ల ఇళ్లలో అలవాటు లేదు. జట్టులో చోటు పోతుందని, క్రీడా కోటా చేజారుతుందని కూడా దాచుకుంటారు. కాబట్టి మీరే అడగండి.

కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025లో మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో ఆడాక, కూతుళ్లను మైదానానికి పంపడానికి ముందుకొస్తున్న తల్లిదండ్రులు మన ఊళ్లలో కనిపిస్తున్నారు. వాళ్ల నమ్మకం నిలబెట్టాల్సిన సమయం ఇది.

పని పెద్దదేం కాదు. స్కోరు రాసే విద్యార్థి పక్కన మరొకరిని కూర్చోబెట్టండి. పిచర్ పేరు, తేదీ, బంతుల సంఖ్య, నొప్పి ఉందా లేదా: ఈ నాలుగు గళ్ల కాగితం చాలు. జిల్లా పోటీల నిర్వాహకులు ఆ కాగితాన్ని జట్టు జాబితాతో పాటే అడగాలి. ఒకే జట్టుకు ఒకే రోజు మూడు మ్యాచ్‌లు పడకుండా షెడ్యూలు వేయాలి. నొప్పి వారం దాటితే స్ప్రే కొట్టి మళ్లీ ఆడించకుండా, కర్నూలు సర్వజన ఆసుపత్రికో కడప రిమ్స్‌కో తీసుకెళ్లి ఎముకల డాక్టరుకు చూపించండి. అమ్మలారా, నాన్నలారా, సాయంత్రం ఇంటికొచ్చిన కూతురిని గెలిచారా అని అడగండి, ఎన్ని బంతులు వేశావని కూడా అడగండి. ఆ సంఖ్య పైన చెప్పిన హద్దు దాటితే మరుసటి రోజు పొద్దున్నే బడికి వెళ్లి సారుతో మాట్లాడండి.