అమెరికా డాక్టరీ సీటుకు పోస్టరు విలువ ఎంత?

పోస్టరు అంటే పల్లెలో సినిమా హాలు గోడ గుర్తుకు వస్తుంది. ఎన్నికల రోజుల్లో అయితే రచ్చబండ పక్క గోడ గుర్తుకు వస్తుంది. అటువంటిది, డాక్టరీ చదివిన కొడుకు ఇంటికి వచ్చి "పోస్టరు పెట్టాలి, డబ్బు కావాలి" అంటే ఉద్దానం జీడితోట రైతుకు అయోమయమే. "పోస్టరంటే ఏటిరా? గోడకంటించే కాగితానికి అన్ని వేలెందుకురా?" అని తండ్రి అడగడంలో తప్పు లేదు. "అది లేకపోతే అమెరికాలో సీటు రాదు నాన్నా" అని కొడుకు చెప్పే జవాబులో మాత్రం సగమే నిజం ఉంది. ఆ సగం ఏదో, మిగతా సగం ఏదో తెలుసుకోకుండా తోట తాకట్టు పెట్టడం మంచిది కాదు.

అమెరికాలో వైద్యం చేయాలంటే ఇక్కడి ఎం.బి.బి.ఎస్. పట్టా ఒక్కటీ చాలదు. అక్కడి ఆసుపత్రిలో రెసిడెన్సీ అనే శిక్షణ పొందాలి. అది మన ఎం.డి., ఎం.ఎస్. చదువుల వంటిది. జనరల్ మెడిసిన్‌కు మూడేళ్లు, మెదడు శస్త్రచికిత్సకు ఏడేళ్లు పడుతుంది. దానికి ముందు యు.ఎస్.ఎం.ఎల్.ఇ. పరీక్షలు గట్టెక్కాలి. ఒక్కో పరీక్షకు ఫీజే వెయ్యి డాలర్లు దాటుతుంది. సెప్టెంబరులో దరఖాస్తులు ఆసుపత్రులకు చేరతాయి. ఆ తరువాత ఇంటర్వ్యూలు జరుగుతాయి. అభ్యర్థి తనకు నచ్చిన ఆసుపత్రులను, ఆసుపత్రి తనకు నచ్చిన అభ్యర్థులను వరుసగా రాసి ఇస్తే, రెండు జాబితాలనూ కలిపి సీట్లు తేలుస్తారు. దీన్నే మ్యాచ్ అంటారు. 1952 నుంచి ఈ పద్ధతి నడుస్తున్నది. మార్చి మూడో వారంలో ఫలితం వస్తుంది, జూలైలో పని మొదలవుతుంది.

ఈ పోటీ తేలిక కాదు. 2025 మ్యాచ్‌లో అమెరికా ఎం.డి. కళాశాలల్లో చివరి సంవత్సరం చదివినవారికి నూటికి 93 మందికి పైగా సీట్లు దక్కాయి. విదేశాల్లో చదివిన విదేశీయులకు నూటికి 58 మందికే దక్కాయి. అంటే లక్షలు ఖర్చు పెట్టి, ఏళ్ల తరబడి చదివి, నూటికి 42 మంది ఆ ఏడాది ఉత్త చేతులతో మిగిలారన్నమాట. ఈ 42 మందిలో తన బిడ్డ ఉండకూడదని ప్రతి తల్లీ తండ్రీ కోరుకుంటారు. ఆ భయం మీదే పోస్టర్ల బేరం నడుస్తున్నది.

పోస్టరుకు ఇంత గిరాకీ రావడానికి కారణం ఉంది. వెనక మొదటి మెట్టు పరీక్షలో మార్కులు ఇచ్చేవారు. ఏ మారుమూల పల్లె నుంచి వచ్చినా, పెద్ద కళాశాల పేరు వెనుక లేకపోయినా, మంచి మార్కులు వస్తే ఆసుపత్రుల కంట పడేవారు. 2022 జనవరి నుంచి ఆ పరీక్షకు మార్కులు తీసేసి, పాస్, ఫెయిల్ అని మాత్రమే చెబుతున్నారు. రెండో మెట్టు పరీక్షకు మార్కులు ఇంకా ఉన్నాయి. అయినా ఒక కొలత పోయింది గనుక, దరఖాస్తులోని మిగతా గడులకు ప్రాముఖ్యం పెరిగింది. అందులో ఒకటి పరిశోధన గడి.

అసలు పరిశోధన పోస్టరు అంటే ఏమిటి? విద్యార్థి ఒక జబ్బు మీదనో, ఒక అరుదైన రోగి విషయం మీదనో పని చేస్తాడు. తాను చూసినది, లెక్క కట్టినది, తేల్చినది క్లుప్తంగా రాసి వైద్యుల సమ్మేళనానికి పంపుతాడు. వారు ఒప్పుకుంటే, మూడు నాలుగు అడుగుల కాగితం మీదనో గుడ్డ మీదనో పట్టికలతో, బొమ్మలతో అచ్చు వేయించి సభలో పెడతాడు. దాని పక్కనే నిలబడి, వచ్చిన పెద్ద డాక్టర్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. సంతలో తాను పండించిన సరుకు తానే నిలబడి అమ్ముకునే రైతు వంటివాడే ఆ విద్యార్థి. సరుకు తనదైతే ఎవరు ఏమడిగినా చెప్పగలడు. అరువు సరుకైతే నీళ్లు నములుతాడు.

నిజంగా చేసిన పోస్టరుకు విలువ ఉంది, కాదనలేము. ఒక ప్రశ్న పట్టుకుని, లెక్కలు సేకరించి, చివరిదాకా పని ముగించగల ఓపిక ఉందని అది చెబుతుంది. దగ్గర ఉండి పని చేయించిన గురువు ఆ పని చూసి సిఫారసు ఉత్తరం రాస్తాడు. "మంచి విద్యార్థి" అని అందరికీ రాసే ఉత్తరానికీ, "ఈ పని ఇలా చేశాడు" అని రాసే ఉత్తరానికీ చాలా తేడా ఉంది. పైగా ఇంటర్వ్యూలో కొత్త మనిషి ఎదుట మాట్లాడడానికి సొంత సంగతి ఒకటి చేతిలో ఉంటుంది. పల్లెటూరి పిల్లలకు ఈ చివరిదే పెద్ద లాభం.

అయితే పోస్టరు చేయలేని పని కూడా ఉంది. తప్పిన పరీక్షను అది కప్పిపుచ్చలేదు. రోగి దగ్గర నిలబడి పని చేసిన అనుభవానికి అది బదులు కాదు. ఎవరిని పిలవాలో నిర్ణయించే అక్కడి ప్రోగ్రాం డైరెక్టర్లను అడిగి చేసిన సర్వేల్లో సిఫారసు ఉత్తరాలు, పరీక్ష ఫలితాలు, ఇంటర్వ్యూలో నడవడిక ముందు వరుసలో కనిపిస్తాయి. పరిశోధన వాటి వెనుకే ఉంటుంది. మెదడు శస్త్రచికిత్స వంటి కోర్సుల సంగతి వేరు. 2022 లెక్కల్లో ఆ సీట్లు దక్కిన అమెరికా విద్యార్థులు తమ దరఖాస్తుల్లో చూపిన పరిశోధన అంశాలు సగటున 25 దాటాయి. కానీ మన పిల్లల్లో ఎక్కువమంది కోరుకునేది జనరల్ మెడిసిన్, కుటుంబ వైద్యం, పిల్లల వైద్యం. వాటికి ఆ లెక్క పట్టుకుని పరుగులు తీయనక్కరలేదు. పైగా ఆ లెక్కలో సారాంశాలు, పోస్టర్లు, ప్రసంగాలు, అచ్చయిన పత్రాలు అన్నీ కలిపే ఉంటాయి. ఒకే పనిని మూడు చోట్ల చెబితే మూడుగా లెక్కకు వస్తుంది. ఆ అంకె చూసి బెంబేలు పడడం అమాయకత్వం.

ఈ బెంబేలునే కొందరు సొమ్ము చేసుకుంటున్నారు. రుసుము కడితే చాలు, పంపిన ప్రతిదాన్నీ అంగీకరించే సమ్మేళనాలు పుట్టుకొచ్చాయి. పేరులో "అంతర్జాతీయ" ఉంటుంది, సభలో వినేవాడు ఉండడు. డబ్బు ఇస్తే వేరేవారు చేసిన పనిలో పేరు చేరుస్తామనే దళారులూ ఉన్నారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. కొన్న పోస్టరు గురించి ఇంటర్వ్యూలో, "ఈ పనిలో మీ పాత్ర ఏమిటి? ఎంతమంది రోగులను చూశారు?" అని రెండు ప్రశ్నలు వేస్తే చాలు, బండారం బయటపడుతుంది. దరఖాస్తులో అబద్ధం చెప్పారని అనుమానం వస్తే అక్కడ విచారణ జరుగుతుంది. రుజువైతే ఆ సంగతి ఆసుపత్రులకు తెలియజేస్తారు. పదేళ్ల చదువు ఒక్క అబద్ధంతో బూడిదలో పోసిన పన్నీరు అవుతుంది.

"పట్నం పిల్లలకు పెద్ద కళాశాలలు, పేరున్న గురువులు ఉన్నారు. మా పిల్లలకు ఎవరున్నారు? అందుకే కొంటున్నాం" అని కొందరు తల్లిదండ్రులు వాదిస్తున్నారు. ఈ బాధలో న్యాయం ఉంది. రోగుల ఒత్తిడితో సతమతమయ్యే బోధనాసుపత్రిలో విద్యార్థి చేత పరిశోధన చేయించే తీరిక ఎంతమంది అధ్యాపకులకు ఉంటుంది? కానీ లేమికి మందు దొంగ సరుకు కాదు. భారత వైద్య పరిశోధనా మండలి ఎం.బి.బి.ఎస్. విద్యార్థుల కోసం స్వల్పకాలిక పరిశోధన వేతనం అనే పథకాన్ని 1979లోనే మొదలుపెట్టింది. ఎంపికైన విద్యార్థి గురువు పర్యవేక్షణలో రెండు నెలలు పని చేసి నివేదిక ఇస్తాడు, డబ్బు ఎదురు ఇస్తారు. ఈ పథకం పేరైనా వినని తల్లిదండ్రులు పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఆసుపత్రి రికార్డులను, నీతి సంఘం అనుమతితో, రోగి పేరు బయటపెట్టకుండా పరిశీలించినా ఒక పోస్టరుకు సరిపడే పని దొరుకుతుంది. దానికి కావలసింది లక్షలు కాదు, ఓపిక.

ఇక పని చేయడానికి విషయం లేదా అంటే, శ్రీకాకుళం జిల్లాలో విషయానికి కరువా? కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి కుటుంబాలను కూల్చుతున్నది. నీళ్లన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, పురుగు మందులన్నారు. ఇదీ కారణం అని అందరూ ఒప్పుకునే జవాబు ఇంతవరకు రాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకలతో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైంది. డయాలసిస్‌కు వచ్చే రోగి ఎంత దూరం నుంచి వస్తున్నాడు? జబ్బు ఏ దశలో తొలిసారి బయటపడింది? తోటపనిలో రోజుకు ఎన్ని నీళ్లు తాగుతున్నాడు? ఇవన్నీ వైద్య విద్యార్థి అడగదగిన ప్రశ్నలే. నిజాయితీగా జవాబులు రాబడితే ఏ దేశపు డాక్టరైనా ఆ పోస్టరు ముందు ఆగి చదువుతాడు.

ఇది కొత్త సంగతి కాదు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ ఉన్నట్లు 1937లోనే వైద్యులు పరిశీలించి అచ్చు వేశారు. నీళ్లలో ఏముందో చూడాలన్న ఆలోచన అలా ఊళ్లోనే పుట్టింది. భీమవరంలో పుట్టి అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో చిన్న పనులు చేస్తూ చదువుకున్నారు. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించారు. ఆయనకు పేరు తెచ్చింది పని, కాగితం కాదు.

ఇందులో ఊరివారికి రావలసిన బాకీ కూడా ఒకటి ఉంది. పరిశోధన పేరుతో వచ్చినవారికి ఉద్దానం రోగులు రక్తం ఇచ్చారు, మూత్రం ఇచ్చారు, బావినీళ్లు సీసాల్లో నింపి ఇచ్చారు. ఆ లెక్కలతో పోస్టర్లు ఎక్కడెక్కడి సభల్లో నిలబడితే, రక్తం ఇచ్చిన మనిషికి దక్కిందేమిటి? విద్యార్థి పోస్టరు అమెరికా దరఖాస్తులో ఒక వరుసగా మిగిలితే సరిపోదు. అదే విషయం తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద కూడా ఉండాలి. అప్పుడు "పోస్టరంటే ఏటి?" అని అడిగిన తండ్రికి కొడుకు చేయి పట్టి చూపించవచ్చు.

కాబట్టి జిల్లాలోని వైద్య కళాశాలలు ప్రతి విద్యార్థికీ ఒక గురువును చూపే ఏర్పాటు చేయాలి. స్వల్పకాలిక వేతనం దరఖాస్తు తేదీలను నోటీసు బోర్డుకే పరిమితం చేయకుండా తరగతిలో చెప్పాలి. నిజమైన పని చేసిన పేద విద్యార్థికి సమ్మేళనం ప్రయాణ ఖర్చును కళాశాలే భరించాలి. నీతి సంఘాలు అనుమతులు నెలల తరబడి నాన్చకుండా చూడాలి. తల్లిదండ్రులు కూడా డబ్బు ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగాలి: ఈ సభ ఎవరు పెడుతున్నారు? మీ గురువు ఎవరు? ఇందులో నువ్వు చేసిన పని ఏది? మూడింటికీ బిడ్డ తడుముకోకుండా జవాబు చెబితే ఆ డబ్బు వృథా కాదు. తడుముకుంటే ఆ డబ్బు రెండో మెట్టు పరీక్ష చదువుకు దాచడం మేలు. తోట ఒకసారి తాకట్టుకు వెళితే తిరిగి రావడం ఎంత కష్టమో ఉద్దానం రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.