అద్దె కారు – సొంత కారు

అద్దెకిచ్చే స్పోర్ట్స్ కారు పరుగులో సొంత కారుకు సాటి రాదని చాలామంది నమ్మకం. ఇంజనుకేం తెలుసండీ పాపం, తన యజమాని ఎవరో!

1966లో అమెరికాలో హెర్ట్జ్ అనే అద్దెకార్ల కంపెనీ, రేసుల మొనగాడు కారోల్ షెల్బీ చేత సుమారు వెయ్యి మస్టాంగ్ కార్లు చేయించింది. పేరు జి.టి. 350 హెచ్. సొంతానికి అమ్మే జి.టి. 350లోని వి-8 ఇంజనే దీనికీ పెట్టారు. 306 హార్స్ పవర్ అని ప్రకటన. ఎక్కువ వాటికి ఆటోమేటిక్ గేర్లు. ఇంకేం! కుర్రకారు శనివారం అద్దెకు తీసుకోవడం, పందేల్లో తోలడం, సోమవారం ఏమీ ఎరగనట్టు తెచ్చి అప్పజెప్పడం! అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది వ్యవహారం. బ్రేకులేమో రేసు తరహావి. గట్టిగా తొక్కితేగాని పట్టవని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక చీటీ అంటించవలసి వచ్చింది.

ఇంజను వేడెక్కకుండానే యాక్సిలరేటరు అదిమే చేతులు పది మారితే ముందుగా అరిగేవి టైర్లు, క్లచ్, బ్రేకులు. సొంతదారు చెవి తేడాను వెంటనే పసిగడుతుంది. అద్దెవాడికి నిన్నటి చప్పుడు తెలియదు గదా!

అలాగని సొంతదారుల గొప్పా అంతంత మాత్రమే. గుడ్డ కప్పి నెలల తరబడి దాచిన కారుకు బ్యాటరీ దిగుతుంది, టైర్లు చదునవుతాయి. నన్నడిగితే, వేళకు ఆయిలు మార్చి రోజూ తిప్పే అద్దె కారే నయం. గంటల లెక్కన అద్దె సైకిలు తొక్కిన మన పాత విద్యార్థులకు వేరే చెప్పాలా? ముందు బ్రేకు నొక్కి చూసి, ఆ తర్వాతే షాపువాడి పుస్తకంలో సంతకం పెట్టేవారు.