ట్రాక్టరు మరణాలను తలరాత అనకండి

పొలంలో ట్రాక్టరు తిరగబడి రైతు మరణిస్తే మన నోట మొదట వచ్చే మాట ‘తలరాత’. రెండవది ‘డ్రైవరు నిర్లక్ష్యం’. ఈ రెండు మాటలపైనా నాకు తీవ్రమైన అభ్యంతరం ఉన్నది. మలేరియాకు దోమ కారణమని తెలిసిన తరువాత వైద్యుడెవడూ విధిని నిందించలేదు. దోమను నివారించే మార్గం వెదికాడు. ట్రాక్టరు మరణాలకు కారణాలు దశాబ్దాల క్రితమే తెలిశాయి. నివారణోపాయమూ తెలిసింది. తెలిసిన దానిని ఆచరించకపోవడమే మన వ్యాధి.

ట్రాక్టరు గరిమనాభి ఎత్తులో, వెనుక ఇరుసుకు దగ్గరగా ఉంటుంది. వెనుక చక్రాలు బురదలో కూరుకొనిపోయినప్పుడు వాటి ముందు దుంగ వేసి, తక్కువ గేరులో ఇంజను వేగం పెంచడం మన పల్లెలలో పరిపాటి. చక్రం తిరగలేనప్పుడు బండి ముందు భాగమే ఇరుసు చుట్టూ పైకి లేస్తుంది. అలా లేచిన బండి వెనుకకు బోర్లపడడానికి ఒకటిన్నర సెకన్లు చాలు. ప్రమాదాన్ని గ్రహించి క్లచ్ తొక్కేలోపే అంతా ముగుస్తుంది. కనుక ‘ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నది’ అన్న మాట ఇక్కడ కవచం కాజాలదు.

ఛాతీపై అంత బరువు పడినప్పుడు పక్కటెముకలు కదలవు, ఊపిరి ఆడదు. కొద్ది నిమిషాలలోనే ప్రాణం పోతుంది. 108 వాహనం ఎంత త్వరగా బయలుదేరినా పొలం గట్టుకు అంతలో చేరుకోలేదు. అందుచేత ఈ మరణానికి చికిత్స ఆసుపత్రిలో లేదు. ట్రాక్టరు మీదనే ఉండాలి.

ఆ చికిత్స పేరు రక్షణ చట్రం. బండి తిరగబడినా డ్రైవరు నలిగిపోకుండా చోటు మిగిల్చే దృఢమైన ఉక్కు నిర్మాణమది. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు దీనిని తప్పనిసరి చేసింది. కాలక్రమంలో అక్కడ ఇటువంటి మరణాలు దాదాపు కనుమరుగయ్యాయి. మన దేశంలో తయారై అమెరికాకు ఎగుమతి అయ్యే ట్రాక్టరుకు ఈ చట్రమూ, సీటు బెల్టూ ఉంటాయి. మన రైతు కొనే ట్రాక్టర్లలో అధిక భాగానికి అవి కనిపించవు. అమెరికా రైతు పక్కటెముకలు మన రైతు పక్కటెముకలకన్నా విలువైనవా?

‘మా బండికి టాప్ ఉన్నది కదా’ అనేవారికి ఒక మాట. ఎండకు వేసిన రేకు ఎండను ఆపుతుంది, బరువును ఆపదు. అలాగే చట్రం ఉన్న ట్రాక్టరులోనే బెల్టు ధరించాలి; చట్రం లేనిచోట బెల్టు మనిషిని బండికే కట్టివేస్తుంది.

ఇక ట్రాలీ సంగతి. 2018లో రెండు నెలల తేడాతో నల్లగొండ, యాదాద్రి భువనగిరి జిల్లాలలో కూలీలతో వెళుతున్న ట్రాక్టర్లు కాలువలలో పడి ఇరవై మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు స్త్రీలు. ట్రాలీ సరుకుల కోసం చేసినది. మనుషులను ఎక్కించడం నిషిద్ధమని అందరికీ తెలుసు. కాని ఆ కూలీకి పొలం చేరడానికి మరో వాహనం మనం చూపించామా? చూపకుండా ఆమెనే తప్పుపట్టడం న్యాయం కాదు.

ప్రభుత్వాన్ని అడగడంతో మన బాధ్యత తీరదు. ఈ కింది పనులకు పైసా ఖర్చు లేదు.

మడ్‌గార్డుపై పిల్లలను కూర్చోబెట్టవద్దు. కూరుకొనిపోయిన బండిని రివర్సులో వెనుకకు తీయండి. నిటారైన గట్టును కూడా రివర్సులోనే ఎక్కించండి. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి బిగించండి. నిమిషానికి 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరిగే పి.టి.ఓ. షాఫ్టు దగ్గరకు చీర కొంగుతో, తువ్వాలుతో వెళ్లవద్దు.

బండిని నిలిపినప్పుడు గొర్రును, రోటవేటరును నేలపైకి దించండి. ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, తాళం చెవి జేబులో వేసుకోండి. రాత్రివేళ ట్రాలీని రోడ్డు మీద వదలవద్దు. వెనుక ఎర్రని రిఫ్లెక్టర్లు లేని ట్రాలీ, చీకటిలో వచ్చే ద్విచక్ర వాహనదారుడికి గోడతో సమానం. చక్రం కింద పెట్టిన రాయిని బయలుదేరేటప్పుడు తొలగించండి.

ప్రభుత్వానికి నా మనవి ఒక్కటే: రాయితీపై ఇచ్చే ప్రతి ట్రాక్టరుకూ రక్షణ చట్రాన్ని షరతుగా విధించండి. ప్రజాధనంతో కొన్న యంత్రం ప్రజల ప్రాణం తీయరాదు. ఎక్స్‌గ్రేషియా చెక్కు కన్నా ఉక్కు చట్రం చవక.