చివరి వాయిదా దాకా స్థలం ఎవరిది?

మా చిన్న మావయ్య బీరువాలో ఇప్పటికీ ఓ పసుపుపచ్చ కార్డు ఉంది. మొత్తం 60 గళ్లు. అందులో 47 గళ్లలో సంతకం, రబ్బరు స్టాంపు. రెండొందల గజాల స్థలానికి ఐదేళ్ల వాయిదాలన్నమాట. జీతం రాగానే ముందు అదే కట్టేవాడు. ఆదివారాలు మమ్మల్ని వెంటేసుకెళ్లి, హద్దురాళ్ల మధ్య నిలబడి, 'ఇదిగో, ఇక్కడ వంటిల్లు' అని చూపించేవాడు కూడా. నలభై ఎనిమిదో నెల వెళ్లేసరికి ఆఫీసుకి తాళం. స్థలం మాత్రం అక్కడే ఉంది... వేరేవాళ్ల పేరున రిజిస్టరై!

బ్యాంకు అప్పు పుట్టనివాళ్లకి ఈ పద్ధతి వరంలా కనిపిస్తుంది. కొంత అడ్వాన్సు ఇచ్చి ఒప్పందం రాసుకుంటాం. మిగతాది అమ్మినవాడికే నెలనెలా కడతాం. ఆఖరి వాయిదా అయ్యాక రిజిస్ట్రేషన్. అమెరికాలో దీన్నే 'ల్యాండ్ కాంట్రాక్ట్' అంటారు. అక్కడైనా ఇక్కడైనా మెలిక ఒకటే. అప్పటిదాకా కాగితాల్లో ఆస్తి అమ్మినవాడిదే.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం, అమ్మకపు ఒప్పందం ఒక్కటే మీకు స్థలం మీద హక్కు తెచ్చిపెట్టదు. ఒప్పందమూ జీపీఏ ఉంటే చాలన్న ధీమాకి 2011లో సుప్రీంకోర్టు కూడా చెక్ పెట్టింది. స్థలం మీ స్వాధీనంలో ఉంటే, అమ్మినవాడు ఖాళీ చేయించకుండా 53ఏ సెక్షన్ కొంత కాపాడుతుంది. అయితే 2001 సెప్టెంబరు 24 నుంచి అందుకు రిజిస్టరైన ఒప్పందమే కావాలి. నోటరీ చాలదు. ఎర్ర సీలు చూసి మురిసిపోయేవాళ్లు ఎంతమందో!

కట్టిన సొమ్ము గాల్లో కలిసినట్టేనా అంటే, కాదు. మీ తప్పు లేకుండా బేరం చెడితే ఆ సొమ్ము ఆ స్థలం మీదే రాబట్టుకునే వీలు 55వ సెక్షన్‌లో ఉంది. రిజిస్టరు చేయించమని కోర్టుకెక్కడానికి మాత్రం గడువు మూడేళ్లే. ఒప్పందంలో తేదీ ఉంటే ఆ రోజు నుంచి, లేకపోతే ఆయన 'చెయ్యను' అన్నట్టు మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. మావయ్య పెద్దమనుషుల చుట్టూ నాలుగేళ్లు తిరిగాడు.

2016లో రెరా చట్టం వచ్చింది. దాని కిందికొచ్చే వెంచర్లలో ధరలో పదిశాతం మించి తీసుకోవాలంటే ముందు ఒప్పందాన్ని రిజిస్టరు చేయాల్సిందే. 500 చదరపు మీటర్లు దాటని చిన్న లేఅవుట్లకి రెరా నమోదు అక్కర్లేదు. విడిగా ఓ వ్యక్తి దగ్గర కొంటే మన జాగ్రత్త మనదే. ఈసీ తీయించండి. అసలు దస్తావేజులు చూపించమనండి. వాయిదా తప్పితే ఎన్నాళ్లు ఆగుతారో, కట్టినదాంట్లో ఎంత తిరిగిస్తారో రాయించుకోండి. ప్రతి రూపాయీ చెక్కు రూపంలోనే ఇవ్వండి.

ఇంకో దారీ ఉంది. ఇప్పుడే రిజిస్ట్రేషన్ చేయించుకుని, బాకీ కింద అదే స్థలాన్ని అమ్మినాయనకి తనఖా పెట్టడం. స్టాంపు ఖర్చు ముందే పడుతుంది నిజమే. కానీ స్థలం మొదటిరోజు నుంచే మీ పేరున ఉంటుంది. పేచీ వస్తే కోర్టు మెట్లెక్కాల్సింది ఆయనే. దీనికి ఒప్పుకునే అమ్మకందార్లు తక్కువే. అడిగి చూడండి, ఎందుకు కుదరదో ఆయన చెప్పే జవాబు కూడా వినదగ్గదే.