ఎడ్ విన్‌ను ఎవరు నటుణ్ణి చేశారు?

హాస్యనటుణ్ణి మెచ్చుకోవడంలో మనకొక వింత అలవాటుంది. ముప్ఫై ఏళ్ళు నవ్వించినంత కాలమూ "బాగా నవ్విస్తాడు" అని ఊరుకుంటాం. ఒక్క చిత్రంలో కంటతడి పెట్టించాడా, ఇక "ఇంత గొప్ప నటుడని ఇన్నాళ్ళూ తెలియనే లేదే!" అని ఆశ్చర్యపోతాం. ఆ మాట ప్రశంసలా వినిపిస్తుంది కానీ అంతకుముందు ముప్ఫై ఏళ్ళూ అతడు చేసినది నటన కాదన్న తీర్పు అందులోనే దాగి ఉంది. ఈ అలవాటు మనకొక్కరికే ఉన్నదీ కాదు. అమెరికాలో ఎడ్ విన్ అనే వాడెవిల్ హాస్యగాడి కథను ఇప్పటికీ ఇదే వరసలో చెబుతారు. అర్ధశతాబ్దం పాటు వెర్రివేషాలు వేసి, డెబ్బయ్యో ఏట అసలైన నటుడయ్యాడట! ఈ కథనం నాకు సమ్మతం కాదు.

ఆయన 1886లో ఫిలడెల్ఫియాలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రిది ఆడవాళ్ళ టోపీల వ్యాపారం. పెట్టిన పేరు ఐజయా ఎడ్విన్ లియోపోల్డ్. పిన్న వయసులోనే ఇల్లు విడిచి నాటకాలవాళ్ళలో కలిశాక, మధ్యలో ఉన్న 'ఎడ్విన్' అన్న మాటను రెండు ముక్కలు చేసి ఎడ్ విన్ అయ్యాడు. ఇంటిపేరు ఎందుకు వదిలాడంటే, వంశంలో ఒక హాస్యగాడున్నాడన్న తలవంపులు ఇంటివాళ్ళకు కలగకూడదని. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోవాలి. తన వృత్తికి సంఘంలో ఎంత విలువ ఉందో ఆ కుర్రవాడికి మొదటి రోజునే తెలుసు.

వాడెవిల్ అంటే ఏమిటో ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. ఒకే టికెట్టు మీద వరసగా పాట, నృత్యం, గారడీ, కుక్కల విన్యాసాలు, హాస్యం. ఒక్కొక్కరికి దక్కేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లోనే జనం నీవాళ్ళు కావాలి, లేకపోతే వచ్చే వారం నీకు పని ఉండదు. కథ నిన్ను మోయదు, తోటి నటుడు ఆదుకోడు. ఆ బడిలో ఎడ్ విన్ నేర్చుకున్నది ఒక్క విద్యే: ఎదుటివాడి చూపును పట్టి నిలపడం. 1913 మార్చిలో న్యూయార్కులో పాలెస్ థియేటరు తెరిచినప్పుడు తొలి ప్రదర్శనలో ఆయన కూడా ఉన్నాడు. ఆ రోజు వేసినది నవ్వని రాజును నవ్వించవలసిన విదూషకుడి అంకం. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

తరువాత 1914, 1915 సంవత్సరాల జీగ్‌ఫెల్డ్ ఫాలీస్‌లో పేరు వచ్చింది. 1919లో బ్రాడ్వే నటుల సమ్మె జరిగితే ఆయన నటుల పక్షాన ముందు వరసలో నిలిచాడు. రంగం మీద కనిపించరాదని కోర్టు ఉత్తర్వు తెచ్చారు. ఆయన ప్రేక్షకుల మధ్యనే నిలబడి, తనను వేదిక ఎక్కవద్దన్నారని చెప్పి, ఎక్కి ఉంటే ఏమేం చేసి ఉండేవాడో మొత్తం చెప్పుకొచ్చాడు! సమ్మె గెలిచింది కానీ నిర్మాతల ముఖాలు మాత్రం ఆయనకు చాటయ్యాయి. ఇక తానే రాసుకుని, తానే పాటలు కట్టుకుని, తానే నిర్మాతయి 1920లో ఒక ప్రదర్శన, 1921లో 'ది పర్‌ఫెక్ట్ ఫూల్' అనే మరొకటి నిలబెట్టాడు. నిండు వెర్రివాడు అన్న ఆ బిరుదు జీవితాంతం అంటిపెట్టుకుంది. సైకిలులా తొక్కుకుంటూ పోయే పియానో, మొక్కజొన్న కంకిని టైపురైటరు బండిలా ఒకవైపు నుంచి మరొకవైపుకు జరిపే యంత్రం... ఇవీ ఆయన కనిపెట్టిన వస్తువులు. హాస్యమైన సంగతులు చెప్పేవాడు కాక, సంగతులను హాస్యంగా చెప్పేవాడే హాస్యనటుడన్న అర్థం వచ్చే మాటొకటి ఆయన పేరు మీద చెలామణిలో ఉంది. ఆయనే అన్నాడో లేదో కానీ, ఆయన పనికి అంతకంటే మంచి వ్యాఖ్య లేదు. అలా చూస్తే అది నటనకు చెప్పిన నిర్వచనమే కదా!

1932లో టెక్సకో పెట్రోలు కంపెనీ వారు ఆయనను రేడియోకు తీసుకువెళ్ళారు. 'ఫైర్ చీఫ్' వేషం. కనిపించని మాధ్యమంలో ఆయన వేషం వేసుకుని, రంగు పూసుకుని, ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టుకుని కార్యక్రమం చేసేవాడు. దీన్ని పాతకాలపువాడి చాదస్తంగా చెప్పుకుని నవ్వడం నేను చదివాను. నాకది చాదస్తంగా తోచదు. వినేవాడి ముఖం కనబడకపోతే మాట ఎక్కడ ఆపాలో తెలియదని ఎరిగినవాడి జాగ్రత్త అది. ఆ ఏడాదే పాలెస్ థియేటరు పూర్తిగా సినిమాహాలుగా మారిపోయింది. వాడెవిల్ చచ్చిపోతూ ఉంటే, దాని ప్రాణాన్ని మైక్రోఫోను ముందుకు మోసుకువెళ్ళినవాళ్ళలో ఈయన ఒకడు. (మధ్యలో సొంత రేడియో సంస్థ పెట్టి చేతులు కాల్చుకున్నాడు. అది వేరే కథ.)

1949లో సీబీఎస్ టెలివిజనులో 'ది ఎడ్ విన్ షో' లాస్ ఏంజెలెస్ నుంచి మొదలైంది. ఎమ్మీ పురస్కారం వచ్చింది. అయినా 1950 నడిమికే ఆ కార్యక్రమం ముగిసింది. ఇంకో రెండేళ్ళు అక్కడా ఇక్కడా కనిపించి, ఆ తరువాత పిలుపులు కరువయ్యాయి. అదే కాలంలో కొడుకు కీనన్ విన్ చిత్రసీమలో స్థిరపడిన నటుడు.

ఆ కొడుకు ప్రోత్సాహంతో వచ్చినదే 'రెక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్'. 1956 అక్టోబరు 11న ప్లేహౌస్ 90లో ప్రత్యక్షప్రసారమైన తొంభై నిమిషాల నాటకం. రాసినవాడు రాడ్ సెర్లింగ్, దర్శకుడు రాల్ఫ్ నెల్సన్. కథానాయకుడు జాక్ పాలన్స్ ఒక చితికిపోయిన బాక్సరు, కీనన్ అతడి మేనేజరు, ఎడ్ విన్ దెబ్బలకు మందు రాసే ఆర్మీ అనే ముసలి సహాయకుడు. ఆయనకు డెబ్బై నిండడానికి ఇంకా నెల ఉంది. రిహార్సళ్ళలో మాటలు మరిచిపోయేవాడు, కంగారు పడ్డప్పుడల్లా పాత కూతలు, పాత చేష్టలు బయటికి వచ్చేవి. ఆయన స్థానంలో వేయడానికి మరొక నటుణ్ణి చాటుగా సిద్ధం చేసి ఉంచారు. ప్రసారం రాత్రి మాత్రం ఆయన తడబడలేదు. ఈ ఉదంతాన్నే నెల్సన్ 1960లో 'ది మ్యాన్ ఇన్ ది ఫన్నీ సూట్' అనే నాటకంగా తీశాడు. అందులో తండ్రీకొడుకులు తమ పాత్రలను తామే ధరించారు. అందరూ గుర్తుంచుకున్న కథ ఇదే: విదూషకుడు తన వేషం విప్పేసి నటుడిగా పుట్టాడు!

ఆ రికార్డింగును చూసినవారు ఆయన చేతులను గమనించండి. జీవితమంతా గాలిలో ఎగిరిన చేతులవి, అక్కడ ఒళ్ళో పడి ఉంటాయి. ఎగరబోయి ఆగిపోయినట్టుంటాయి. పాలన్స్ వంక చూసేటప్పుడు ఆ కళ్ళల్లో కనిపించే బెరుకు, గొంతులోని వణుకు కూడా ఆ వారం నేర్చుకున్నవి కావు. జనం నవ్వుతారో లేదోనని యాభై ఏళ్ళు రోజూ భయపడినవాడివి. ఆ వేషం విప్పడానికి ఆయన ఎంత యాతన పడ్డాడో నేను కాదనను. కొడుకు, దర్శకుడు పట్టిన ఓపికనూ తక్కువ చేయను. కానీ విప్పిన వేషం లోపల ఉన్నవాడు కొత్తవాడు కాడు.

1959లో జార్జ్ స్టీవెన్స్ తీసిన 'ది డైరీ ఆఫ్ యాన్ ఫ్రాంక్'లో దంతవైద్యుడు డసెల్ పాత్రకు సహాయనటుడిగా ఆస్కార్ నామినేషను వచ్చింది. అటక మీద నలుగురి మధ్య ఇమడలేక సణిగే మనిషి పాత్ర అది, సానుభూతి అడగని పాత్ర. అది గొప్ప నటనే. అయితే ఒక ప్రశ్న అడగబుద్ధవుతుంది. పియానో తొక్కుకుంటూ పోయినప్పుడు ఇదే మనిషికి ఆ మర్యాద ఎందుకు దక్కలేదు?

ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవాడు సెర్లింగ్ ఒక్కడే అనిపిస్తుంది. 'ట్వైలైట్ జోన్' ధారావాహికలో రెండవదిగా 1959 అక్టోబరు 9న ప్రసారమైన 'వన్ ఫర్ ది ఏంజెల్స్'ను ఆయన ఎడ్ విన్ కోసమే రాశాడు. లూ బుక్‌మన్ వీధిలో పెట్టె తెరిచి చిల్లర సామాను అమ్ముకునే ముసలివాడు. మృత్యువు సూటు తొడుక్కుని వచ్చి, నీ గడువు అయిపోయిందంటాడు. దేవదూతలే మెచ్చేంత గొప్ప అమ్మకపు ప్రసంగం ఒక్కటి చేసేదాకా గడువిమ్మని బుక్‌మన్ అడిగి, ఇస్తే తప్పించుకో చూస్తాడు. అప్పుడు మృత్యువు వీధిలో ఉండే చిన్నపిల్లను ఎంచుకుంటాడు. అర్ధరాత్రి పన్నెండింటిలోగా ఆమె దగ్గరికి వెళ్ళాలి. బుక్‌మన్ మెట్ల దగ్గర పెట్టె తెరిచి, మృత్యువుకే దారాలూ నెక్‌టైలూ అమ్మడం మొదలుపెడతాడు. ముందు వినీవినకుండా ఉన్న కొనుగోలుదారు మెల్లగా ముందుకు వంగుతాడు, చెమటలు పడతాయి, జేబులు తడుముకుంటాడు. గడియారం పన్నెండు కొడుతుంది. పిల్ల బతుకుతుంది. ముసలివాడు పెట్టె సర్దుకుని, మాట ప్రకారం మృత్యువు వెంట నడుస్తాడు.

ఇందులో ఆయన దేనినీ వదిలిపెట్టనక్కరలేదు. కీచుగొంతు ఉంది, గాలిలో ఎగిరే చేతులున్నాయి, మాట మీద మాట పేర్చే ధోరణి ఉంది. 1913లో పాలెస్ వేదిక మీద నవ్వని రాజు ముందు నిలబడ్డ విదూషకుడే ఈ వీధిమెట్ల మీద ఉన్నాడు. ఎదురుగా ఉన్న ప్రేక్షకుడొక్కడే మారాడు. సెర్లింగ్ ఆయనను ఏడిపించడానికి పిలవలేదు, ఆయన విద్యకు ఒక ప్రాణాన్ని పణంగా పెట్టాడు. అంతే తేడా.

తరువాతి డిస్నీ చిత్రాల గురించి ఎక్కువ చెప్పను. 1964 నాటి 'మేరీ పాపిన్స్'లో నవ్వు ఆపుకోలేక ఇంటికప్పు దాకా తేలిపోయే ఆల్బర్ట్ మామయ్యను పిల్లలున్న ఇళ్ళలో చాలామందే చూసి ఉంటారు. విచారకరమైన సంగతి తలచుకుంటే తప్ప ఆయన నేలకు దిగలేడు. 1966 జూన్‌లో ఎడ్ విన్ కన్నుమూశాడు. చివరి చిత్రం మరుసటి ఏడాది విడుదలైంది.

ఆయనను కొత్తగా చూడబోయేవారికి అందరూ ఆస్కార్ నామినేషను వచ్చిన చిత్రాన్నే చూపిస్తారు. నేనయితే 1949 డిసెంబరులో ఆయన కార్యక్రమానికి బస్టర్ కీటన్ అతిథిగా వచ్చినప్పటి భాగాన్ని ముందు చూడమంటాను. కీటన్ తన తొలి చిత్రం 'ది బుచర్ బాయ్'లోని బెల్లంపాకం ప్రహసనాన్ని మళ్ళీ ఆడతాడు, ఎడ్ విన్ దుకాణదారుడు. బొమ్మ మసకగానే ఉంటుంది.