ఫ్లూ టీకా తొలకరికి ముందే

ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రజారోగ్య సంచాలకులకు,

ఫ్లూ చలికాలపు జబ్బన్న మాట చలిదేశాల్లో పుట్టింది. అక్కడ అది నిజమే. 2007లో న్యూయార్క్ పరిశోధకులు గినీ పందులను పక్కపక్క బోనుల్లో ఉంచారు. జబ్బుపడ్డవాటి మీదుగా గాలి ఆరోగ్యంగా ఉన్నవాటి వైపు వెళ్లేలా చేసి, 20 డిగ్రీల ఉష్ణోగ్రతలో తేమను మార్చి చూశారు. తేమ 20 శాతమున్నప్పుడు వైరస్ సులువుగా అంటుకుంది. 80 శాతానికి చేరాక ఒక్కదానికీ సోకలేదు! చలిదేశాల్లో చలికాలపు ఇళ్లలో ఉండే అలాంటి పొడిగాలిలో దగ్గు తుంపరలు చప్పున ఆరి, తేలికై, ఎక్కువసేపు తేలుతూ ఉంటాయి.

మరి మన దగ్గర?

శ్రీనగర్‌లో ఫ్లూ జనవరి, మార్చి నెలల మధ్య విజృంభిస్తుంది. పుణె, ఢిల్లీల్లో మాత్రం ఎక్కువగా వానాకాలంలో, తేమ దండిగా ఉన్నప్పుడే పెరుగుతుంది. ముసురుకు జనం తలుపులు బిగించుకుని ఒకేచోట చేరడం ఇందుకొక కారణం కావచ్చు. ప్రయోగశాలలో తేలిన సూత్రం ఒక్కటే మన ఊళ్లకు సరిపోదు.

టీకా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. వానల్లో కేసులు పెరిగాక తెప్పిస్తే ఆలస్యమే. గర్భిణులకు, వృద్ధులకు, ఆస్పత్రి సిబ్బందికి ఏప్రిల్, మే నెలల్లోనే వేయించండి. వానాకాలమంతా ఓపీ గదుల్లో కిటికీలు తెరిచి ఉంచేలా ఇప్పుడే ఆదేశాలివ్వండి.